షార్క్స్ గోల్‌లో రేపెవరు? అస్కరోవ్‌కి ఎనిమిదేళ్లా, మూడేళ్లా

మిల్పిటాస్_మూర్తి | 6 సెప్టెంబర్ 2025, ఉదయం 9:12

నిన్న ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీ లీగ్‌లోని మన షార్క్స్ మాంట్రియల్ నుంచి గోలీ (గోల్‌కీపర్) కేరీ ప్రైస్‌ని తెచ్చుకుందన్న వార్త వచ్చిన దగ్గర్నుంచి మా వాట్సాప్ గ్రూపు ఆగట్లేదు. అందుకే విడిగా ఈ దారం తెరిచా. ప్రైస్ సంగతి ఎవరైనా రెండు ముక్కల్లో తేల్చేయండి, తర్వాత అసలు విషయంలోకి వద్దాం. శాన్ హొసే షార్క్స్ గోల్‌లో వచ్చే ఆరేడేళ్లు ఎవరు నిలబడాలి? ఎంతిచ్చి ఉంచుకోవాలి? ఆ సంతకం ఎప్పుడు పెట్టించాలి?

ఇప్పుడు మన చేతిలో ఉన్నది ఇదీ. యారొస్లావ్ అస్కరోవ్, 23 ఏళ్లు. ఏడాదికి 2 మిలియన్ డాలర్లు, 2027 జూన్ దాకా. అలెక్స్ నెడెల్కోవిచ్, 29. జులై 1న పిట్స్‌బర్గ్‌కి 2028 డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునేది) మూడో రౌండు పిక్ ఇచ్చి తెచ్చుకున్నాం. వచ్చే జూన్‌తో ఒప్పందం అయిపోతుంది. జాషువా రేవెన్స్‌బర్గెన్, 18, మొన్న డ్రాఫ్ట్‌లో మొదటి రౌండు 30వ పిక్. ప్రిన్స్ జార్జ్ జూనియర్ టీమ్ కుర్రాడు, ఆరడుగుల అయిదంగుళాలు.

నా మాట సూటిగా చెప్తా. వచ్చే జులై 1 పొద్దున్నే మన జనరల్ మేనేజర్ మైక్ గ్రియర్ అస్కరోవ్ ముందు ఎనిమిదేళ్ల కాగితం పెట్టేయాలి. ఆలస్యం చేసినకొద్దీ రేటు పెరుగుతుంది. కానివ్వండి, ఉతికి ఆరేయండి.

బెజవాడ_బుల్లోడు | 9:40

అన్నా నమస్తే, నేను విజయవాడ నుంచి. కుర్ర స్టార్ సెలెబ్రీని వచ్చాకే ఈ టీమ్ చూడ్డం మొదలెట్టా. అక్కడ రాత్రి ఏడు గంటల మ్యాచ్ ఇక్కడ పొద్దున ఏడున్నరకి, టిఫిన్ తింటూ చూసేయొచ్చు. డౌట్ ఏంటంటే, ప్రైస్ అంటే 2015లో హార్ట్ (లీగ్‌లో మేటి ఆటగాడి అవార్డు), వెజినా (మేటి గోలీ అవార్డు) రెండూ కొట్టేసిన ప్రైసేనా? ఆయన వచ్చాక ఇంక గోల్ గురించి బాధేముంది?

క్యాప్_లెక్కలు | 9:58

ఆ ప్రైసే తమ్ముడూ. కానీ ఆయన ఆఖరి మ్యాచ్ 2022 ఏప్రిల్‌లో. మోకాలు పోయింది, ఇంక ఆడడు. మనం తెచ్చుకున్నది మనిషిని కాదు, ఆయన కాంట్రాక్ట్‌ని.

లీగ్‌లో టీమ్ మొత్తం జీతాలకి పైన పరిమితి (క్యాప్) ఉన్నట్టే కింద కూడా ఒకటుంది. ఈ 2025-26 సీజన్‌కి పైది 95.5 మిలియన్లు, కిందది 70.6. మనది పిల్లల టీమ్, జీతాలు తక్కువ, ఆ కింది గీత దాటడమే కష్టంగా ఉంది. ప్రైస్ కాంట్రాక్ట్ లెక్కలో 10.5గా పడుతుంది. బోనస్ మాంట్రియల్ ఇచ్చేసింది కాబట్టి మన జేబులోంచి పోయేది 2 మిలియన్లే. దానికి తోడు వాళ్లే ఒక అయిదో రౌండు పిక్ కూడా ఇచ్చారు, మనం గానన్ లరోక్‌ని పంపాం. వచ్చే జూన్‌తో ఆ కాంట్రాక్ట్ కూడా ముగుస్తుంది. కాగితం మీద ఈ ఏడాది మన టీమ్‌లో అందరికంటే ఖరీదైనవాడు గోలీయే, మంచు మీదికి మాత్రం రాడు.

ప్రైస్ చాప్టర్ ఇంతటితో క్లోజ్. మూర్తి గారి అసలు ప్రశ్నకి ఒక తేదీ కలుపుతాను, ఎవరూ దీని గురించి మాట్లాడట్లేదు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన కొత్త ఒప్పందం 2026 సెప్టెంబర్ మధ్యలో అమల్లోకి వస్తుంది. అక్కడి నుంచి సొంత ఆటగాడికైనా గరిష్ఠంగా ఏడేళ్లే. ఎనిమిదేళ్లు పోతుంది. అస్కరోవ్‌తో పొడిగింపు మాట్లాడ్డానికి తలుపు తెరిచేది 2026 జులై 1న. అంటే ఎనిమిదో ఏడాది కావాలంటే మనకున్నది రెండున్నర నెలల కిటికీ, అంతే.

ఫ్రీమాంట్_బాబాయ్ | 10:31

జులై 1 అనగానే నాకు ఒళ్లు జలదరించింది.

2017 జులై 1. మార్టిన్ జోన్స్‌కి అప్పటికింకా ఒక ఏడాది కాంట్రాక్ట్ మిగిలే ఉంది. సరిగ్గా వచ్చే ఏడాది అస్కరోవ్ ఎక్కడ ఉంటాడో అక్కడే ఉన్నాడు. ముందు సంవత్సరమే మనల్ని మొదటిసారి స్టాన్లీ కప్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు, పిట్స్‌బర్గ్ చేతిలో ఆరు మ్యాచ్‌ల్లో ఓడాం. అందరికీ ముద్దొచ్చాడు. ఆరేళ్లు, ఏడాదికి 5.75 మిలియన్లు రాసిచ్చేశారు. ఆ కాంట్రాక్ట్ మొదలైన ఏడాది సేవ్ పర్సంటేజ్ (మీదికొచ్చిన షాట్లలో ఆపిన వాటా) .896. తర్వాతి ఏడాది .896. ఆ తర్వాతి ఏడాదీ .896. మూడేళ్లూ అచ్చు గుద్దినట్టు అదే అంకె. 2021లో కాంట్రాక్ట్ కొనేసి, అంటే కొంత డబ్బిచ్చి, సాగనంపారు. ఆ సాగనంపిన డబ్బు 2026-27 దాకా మన క్యాప్‌లో పడుతూనే ఉంటుంది. అస్కరోవ్ ఇప్పటి ఒప్పందం ముగిసేదీ అప్పుడే!

అలాగని జోన్స్ చేతకానివాడనలేం. 2019 ప్లేఆఫ్స్‌లో వేగస్ మీద ఆరో మ్యాచ్ చూసినవాడెవడూ ఆ మాట అనడు. ఆ రాత్రి 58 షాట్లు ఆపాడు. రెండో ఓవర్‌టైమ్‌లో ఒక మనిషి తక్కువుండగా మన హెర్టల్ గోల్ కొట్టేదాకా ఒక్కడే మోశాడు. అది జరిగింది కూడా ఆ .896 సీజన్‌లోనే. గోలీ అంటే ఇంతే. ఒక రాత్రి చూసి ఎనిమిదేళ్లకి సంతకం పెట్టకూడదు.

మిల్పిటాస్_మూర్తి | 10:44

బాబాయ్, మీరు జోన్స్ కథ చెప్తారని తెలుసు. మరి వదిలేసుకున్నవాళ్ల కథో? ఏడిన్ హిల్‌ని 2022 ఆగస్టులో ఒక నాలుగో రౌండు పిక్‌కి వేగస్‌కి ఇచ్చేశాం. పది నెలలు తిరిగేసరికి కప్ ఎత్తాడు. బ్లాక్‌వుడ్‌ని పోయిన డిసెంబర్‌లో కొలరాడోకి పంపాం. మూడు వారాలు తిరక్కుండానే వాళ్లు అయిదేళ్లు, 5.25 మిలియన్లు రాసిచ్చారు. మన దగ్గర చిల్లులు పడినవాళ్లంతా పక్కింటికెళ్లగానే గోడలైపోతున్నారు.

ఫ్రీమాంట్_బాబాయ్ | 11:05

ఆ లెక్కన నీ లిస్టులో కిప్రుసాఫ్‌ని ఎందుకు వదిలేశావ్? 2003 నవంబర్‌లో మనకి ముగ్గురు గోలీలు. నబకోవ్, కిప్రుసాఫ్, టోస్కలా. నబకోవ్ 1994 డ్రాఫ్ట్‌లో తొమ్మిదో రౌండు, 219వ పిక్. మిగతా ఇద్దరూ ఫిన్లాండ్ వాళ్లు, ఒకే 1995 డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండులో ఒకడు, అయిదో రౌండులో ఇంకొకడు. మూడో కుర్చీలో కూర్చున్న కిప్రుసాఫ్‌ని కాల్గరీకి ఒక రెండో రౌండు పిక్‌కి అమ్మాం. ఆ వసంతంలోనే కాన్ఫరెన్స్ ఫైనల్లో మనల్ని ఇంటికి పంపింది అతనే. 2006లో వెజినా కూడా కొట్టాడు.

కానీ మూర్తీ, ఆ రెండో రౌండు పిక్‌తో వచ్చింది ఎవరు? డిఫెండర్ వ్లాసిక్. పందొమ్మిది సీజన్లు ఆడాడు ఇక్కడ, మొన్న జూన్‌లోనే కాంట్రాక్ట్ కొనేసి పంపించారు. దాన్ని నష్టం అందామా? నబకోవ్ కూడా అప్పటికి కాల్డర్ (కొత్త ఆటగాడి అవార్డు) గెలిచినవాడే, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నిలబడ్డాడు. ముగ్గురిలో ఎవరు మిగులుతారో ముందే చెప్పగలిగిన మొనగాడు లేడు. అందుకే అంటున్నా, ఒక్కడి మీదే ఇల్లు రాసివ్వొద్దు. ముగ్గుర్ని పెంచు.

బెజవాడ_బుల్లోడు | 11:20

తొమ్మిదో రౌండు కూడా ఉండేదా డ్రాఫ్ట్‌కి!

క్యాప్_లెక్కలు | 11:22

ఉండేది. ఇప్పుడు ఏడే. పెద్ద గోలీలు కూడా ఆలస్యంగానే దొరికారు. లుండ్‌క్విస్ట్ ఏడో రౌండు, 205వ పిక్. షెస్టెర్కిన్ నాలుగో రౌండు, 118.

విన్నిపెగ్_చలి | 11:51

మా విన్నిపెగ్ గోలీ హెల్లెబక్‌ని మర్చిపోతే ఎలా. అయిదో రౌండు, 130. మూడు వెజినాలు, ఈ ఏడాది హార్ట్ కూడా. ఏడేళ్లకి 8.5 మిలియన్లు తీసుకున్నాడు, అక్టోబర్ నుంచి మార్చి దాకా ప్రతి పైసా వసూలు. మరి మొన్న ప్లేఆఫ్స్? సెయింట్ లూయిస్‌లో ఆడిన మూడు మ్యాచ్‌ల్లోనూ మధ్యలో బెంచీకి లాగేశారు. ఏడో మ్యాచ్ రెండో ఓవర్‌టైమ్‌లో ఎలాగో గట్టెక్కాం, ఆ తర్వాతి రౌండులో పోయాం. ప్రపంచంలో నంబర్ వన్ గోలీ ఉన్నా ఏప్రిల్, మే నెలలకి పూచీకత్తు లేదు. మీరు 13 మ్యాచ్‌లు ఆడిన పిల్లాడికి ఎనిమిదేళ్లంటున్నారు, నవ్వాలా ఏడవాలా?

మిల్పిటాస్_మూర్తి | 11:58

పదమూడు పోయిన సీజన్‌వి. వచ్చే జులైకి ఇంకో యాభై చేరతాయి. నేను ఇవాళ సంతకం పెట్టమనట్లేదు కదా సార్.

గోలీ_శిరీష | మధ్యాహ్నం 1:15

అంకెలు చాలా అయ్యాయి, కాస్త ఆట గురించి మాట్లాడుకుందాం. నేను షార్క్స్ ఐస్ రింక్‌లో ఆదివారం రాత్రుళ్లు లీగ్ ఆడతాను, గోల్‌లోనే. పోయిన సీజన్‌లో పక్కనే టెక్ సీయూ స్టేడియంలో షార్క్స్ కింది టీమ్ బార్రకూడా మ్యాచ్‌కి వెళ్లినప్పుడు కావాలని గోల్ వెనక, గాజుకి ఆనుకుని సీటు తీసుకున్నా. అస్కరోవ్ కాళ్లు చూడ్డానికే.

పక్ (హాకీ బిళ్ల) గోల్ వెనక ఉన్నంతసేపూ ఒక మోకాలు మంచుకి దించి, ప్యాడ్‌ని పోస్టుకి అతికించినట్టు కూర్చుంటాడు. తల మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అక్కడి నుంచి అవతలి వైపు పాస్ పడిందనుకోండి, లోపలి కాలి స్కేట్ అంచు మంచులో గుచ్చి ఒక్కటే తోపు. షూటర్ కర్ర వెనక్కి లాగేలోపు అవతల ఉంటాడు. ఆ తోపు బలం నేర్పితే వచ్చేది కాదు. చిక్కేమిటంటే ఆ బలమే ఎక్కువైపోతుంది. ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకో అడుగు జారిపోతాడు, రీబౌండ్ వచ్చేసరికి సగం గోల్ ఖాళీ. కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌లో రెండో షాట్ కొట్టేవాడు తడబడతాడు కాబట్టి బతికిపోతాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో తడబడరు.

ఇంకోటి. అస్కరోవ్ కుడిచేత్తో పట్టుకుంటాడు. చాలామంది గోలీలకి పట్టే గ్లవ్ ఎడమ చేతికి ఉంటుంది. షూటర్‌కి చిన్నప్పటి నుంచి అలవాటైన గురి తిరగబడుతుంది. ఆ క్షణం తడబాటు చాలు. లీగంతా అతన్ని రెండు మూడుసార్లు చూసేదాకా ఆ లాభం ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. కాబట్టి మొదటి యాభై మ్యాచ్‌ల అంకె చూసి మురిసిపోవద్దు, తర్వాతి యాభై చూడాలి.

పక్ ఆడించడంలో మాత్రం తిరుగులేదు. నాష్‌విల్ కింది టీమ్ మిల్వాకీలో ఉండగా గోల్ కూడా కొట్టాడు. నెడెల్కోవిచ్ కూడా పోయిన జనవరిలో బఫెలో మీద కొట్టాడు. గోల్ కొట్టిన గోలీలిద్దరు ఒకే టీమ్‌లో ఉండటం సరదా సంగతే. వాళ్లు ఆపితే ఇంకా సరదా.

బెజవాడ_బుల్లోడు | 1:33

అక్కా మీరు నిజంగా గోలీయా! సూపర్. మా దగ్గర గోల్‌కీపర్ అంటే శ్రీజేష్, మన చిత్తూరు జిల్లా ఎతిమరపు రజని. రజని గారు సవిత వెనకాల రెండో గోల్‌కీపర్‌గా ఏళ్ల తరబడి ఉన్నారు. అక్కడా ఇంతే, కుర్చీ ఒక్కటే ఉంటుంది.

గోలీ_శిరీష | 1:40

అవును. ఫార్వర్డ్‌లు పన్నెండు మంది ఆడొచ్చు, గోల్‌లో ఒక్కరే. రెండోవాళ్ల ఓపికే అసలు సమస్య. అస్కరోవ్ పాత టీమ్ నాష్‌విల్‌లో జరిగింది అదేగా.

ఫ్రిస్కో_సుబ్బు | 2:22

డాలస్ నుంచి హాజరు. ముందుగా, మీ రేవెన్స్‌బర్గెన్‌ని తీసుకున్న 30వ పిక్ మాది. గ్రాన్‌లండ్, సీసీ అనే ఇద్దరు ఆటగాళ్ల కోసం మీకిచ్చాం. థాంక్స్ చెప్పండి.

ఇప్పుడు మా అనుభవం వినండి. మా గోలీ ఆటింజర్‌కి 2022లో మూడేళ్లు, ఏడాదికి 4 మిలియన్లు ఇచ్చారు. అంతా మా మేనేజర్‌ని మెచ్చుకున్నారు, ఎంత పొదుపు అని. మూడేళ్లు పూర్తికాకముందే ఎనిమిదేళ్లకి 8.25 అయింది. బోస్టన్ కూడా అంతే. స్వేమన్‌కి 2023లో పంచాయితీ పెట్టి ఒక్క ఏడాదికి 3.475 ఇచ్చారు. తర్వాతి ఏడాది వాళ్ల ఇంకో గోలీ అల్‌మార్క్‌ని ఒట్టావాకి పంపేసి, ఇతనితో బేరం కుదరక ట్రైనింగ్ క్యాంప్ మొత్తం పోగొట్టుకుని, చివరికి అదే 8.25 ఇచ్చారు. ఆ సీజన్ ఎంత చెడ్డగా పోయిందో అందరికీ తెలుసు. చిన్న కాంట్రాక్ట్ చవక అనేది భ్రమ. బిల్లు తర్వాత వస్తుంది, వడ్డీతో.

విన్నిపెగ్_చలి | 2:30

మరి ఆ 8.25 ఆటింజర్‌ని ఎడ్మంటన్ మీద అయిదో మ్యాచ్‌లో రెండు షాట్లకి రెండు గోల్స్ పడగానే లాగేశారు కదా సుబ్బూ :)

ఫ్రిస్కో_సుబ్బు | 2:31

లాగినాయన ఉద్యోగమే పోయింది. అది గోలీ తప్పు కాదు. పైగా ఆ కోచ్ డిబోర్ అంతకుముందు మీ షార్క్స్‌లో పనిచేసి వచ్చినవాడే.

ఫ్రీమాంట్_బాబాయ్ | 2:50

వచ్చాడు, మమ్మల్ని ఫైనల్‌కీ తీసుకెళ్లాడు. దారి తప్పొద్దు.

అసలు మాట్లాడాల్సింది నాష్‌విల్ గురించి. గోలీని మార్చడంలో వాళ్లని మించినవాళ్లు లేరనుకున్నాం. పాత గోలీ రిన్నె ముసలివాడయ్యేదాకా సారోస్‌ని పక్కన కూర్చోబెట్టి నెమ్మదిగా పని అప్పజెప్పారు. ఎక్కడా గొడవ లేదు. అదే సూత్రం అస్కరోవ్‌తోనూ పనిచేస్తుందనుకున్నారు. 2020లో 11వ పిక్ పెట్టి తెచ్చుకున్న కుర్రాడు మిల్వాకీలో ఎదురుచూస్తుంటే, 2024 జులై 1న సారోస్‌కి ఎనిమిదేళ్లు, 7.74 మిలియన్లు రాశారు. కుర్రాడికి విషయం అర్థమైపోయింది, ట్రేడ్ చేయమన్నాడు. ఆగస్టులో మనకి దొరికాడు. ఎడ్‌స్ట్రోమ్, క్రోనా, ఒక మొదటి రౌండు పిక్ పోయాయి, పోతే పోయాయి.

ఇప్పుడు మూర్తి చెప్పినట్టు అస్కరోవ్‌కి ఎనిమిదేళ్లు రాస్తే 2035 దాకా తలుపు మూసినట్టే. అప్పుడు రేవెన్స్‌బర్గెన్ ఎక్కడ కూర్చుంటాడు? మనమే నాష్‌విల్ అవుతాం.

మిల్పిటాస్_మూర్తి | 3:04

అయితే అవుదాం! నాష్‌విల్‌కి అస్కరోవ్ బదులు ఒక సెంటర్ ఫార్వర్డ్, ఒక గోలీ, ఒక మొదటి రౌండు పిక్ వచ్చాయి. రేవెన్స్‌బర్గెన్ మంచివాడైతే మనకీ అంతే వస్తుంది. కాకపోతే ఏ గొడవా లేదు. 18 ఏళ్ల గోలీ కోసం 23 ఏళ్ల గోలీతో బేరం వాయిదా వేసే జనరల్ మేనేజర్‌ని చూపించండి.

విన్నిపెగ్_చలి | 3:10

18 ఏళ్ల గోలీని మొదటి రౌండులో తీసుకునే జనరల్ మేనేజర్‌నే చూసి మేం ఆశ్చర్యపోయాం. అయిదో రౌండులో దొరికేవాడికి...

మిల్పిటాస్_మూర్తి | 3:11

టాంపా గోలీ వాసిలెవ్‌స్కీ 19వ పిక్. మీ హెల్లెబక్ డ్రాఫ్టే. చెత్త వాదన చెయ్యొద్దు.

మోడ్_కిట్టు | 3:20

స్వరాలు కాస్త తగ్గించండి. "చెత్త" లాంటి మాటలు వద్దు. దారం బావుంది, మూయించకండి.

క్యాప్_లెక్కలు | సాయంత్రం 5:47

పనులు ముగించుకుని వచ్చేసరికి రెండు పేజీలైంది. ఇదంతా గోలీ ఒక్కడి సంగతిలా మాట్లాడుతున్నారు. 2027 వేసవి మొత్తాన్ని చూడండి. సెలెబ్రీని మొదటి కాంట్రాక్ట్ అప్పుడే ముగుస్తుంది. మన ఇంకో కుర్ర ఫార్వర్డ్ విల్ స్మిత్‌దీ అప్పుడే. అస్కరోవ్‌దీ అప్పుడే. ముగ్గురికీ ఒకే వేసవి. సెలెబ్రీని ఎంతడిగితే అంత, అందులో చర్చ లేదు.

కాకపోతే పైకప్పు కూడా లేస్తోంది. 2026-27కి 104 మిలియన్లు, 2027-28కి 113.5. కాబట్టి 6.5 మిలియన్ల గోలీ అంటే అప్పటికి మొత్తంలో ఆరు శాతం కూడా కాదు. జోన్స్ 5.75 తీసుకున్నప్పుడు అంతకంటే పెద్ద వాటా తిన్నాడు, ఎందుకంటే అప్పటి క్యాప్ 80 మిలియన్ల దగ్గరే. బాబాయ్ గారు జోన్స్‌ని గుర్తుచేయడం న్యాయమే, కానీ ఆ దెబ్బ తీవ్రత ఇప్పుడు ఉండదు. షెస్టెర్కిన్ 11.5 దగ్గర ఉన్నాడు. ఇంకో రెండేళ్లకి ఏ సాధారణ నంబర్ వన్ గోలీ అయినా 8కి తక్కువ అడగడు.

సారాంశంగా నేను చూసేది ఒక్కటే. ఎనిమిదేళ్లు ఇచ్చి తప్పైతే, కాంట్రాక్ట్ కొనేసే శిక్ష మిగిలిన ఏళ్లకి రెట్టింపు కాలం ఉంటుంది. 26 ఏళ్లు నిండకముందు కొనేస్తే శిక్ష మూడో వంతుకి తగ్గుతుంది, కానీ అస్కరోవ్ కొత్త కాంట్రాక్ట్ మొదలయ్యేసరికే 25 దాటుతాడు. ఆ వెసులుబాటు మనకి దాదాపు లేనట్టే.

గోలీ_శిరీష | 6:30

మీ లెక్క ఒప్పుకుంటాను, కానీ జోన్స్‌ని ఒక్కడినే నిలదీయడం నాకు నచ్చదు. ఆ మూడేళ్లలో మన డిఫెన్స్ ఎలా కూలిపోయిందో కూడా రాయండి. జోన్స్ పోయాక కూడా అది బాగుపడలేదు, 2023-24లో 331 గోల్స్ తిన్నాం. ఆ సీజన్ మొత్తానికి 47 పాయింట్లు. అలాంటి టీమ్ వెనక నిల్చునే గోలీకి వచ్చేది షాట్లు కాదు, అడ్డంగా పాస్ చేసి ఖాళీ గోల్‌లోకి తోసే పక్‌లు. బ్లాక్‌వుడ్ కొలరాడోకి వెళ్లగానే మారింది అతని చేతులు కాదు, ముందున్న మనుషులు.

డిఫెన్స్‌లోకి ఆర్లోవ్, క్లింగ్‌బర్గ్, లెడ్డీ వచ్చారు సరే, ముగ్గురూ ముప్పై దాటినవాళ్లే. కుర్ర డిఫెండర్ శామ్ డికిన్సన్‌కి 19. అతను ఎదిగేదాకా అస్కరోవ్ సేవ్ పర్సంటేజ్ ఏం చెప్పినా నేను నమ్మను, మంచిగా చెప్పినా, చెడుగా చెప్పినా. ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ (షాట్లని బట్టి పడతాయని లెక్కేసిన గోల్స్) మీద ఎన్ని ఎక్కువ ఆపాడన్నది చూడాలి. ఇంకా ముఖ్యంగా, వరసగా రెండు రాత్రులు ఆడించినప్పుడు రెండో రాత్రి ఆ జారుడు ఎంత పెరుగుతోందో చూడాలి. అలిసినప్పుడే అది బయటపడుతుంది. నెడెల్కోవిచ్‌ని తెచ్చింది అందుకే. ఈ ఏడాది అస్కరోవ్‌ని 45 మ్యాచ్‌లు దాటించకూడదు.

ఫ్రీమాంట్_బాబాయ్ | 7:02

శిరీష గారూ, ఆ 45 మాట గ్రియర్ చెవిన పడితే బావుణ్ణు. నా లెక్క కూడా చెప్పేస్తా. నాలుగేళ్లు, 5.5 నుంచి 6 మధ్య. 2031లో అస్కరోవ్‌కి 29, రేవెన్స్‌బర్గెన్‌కి 24. గోలీలు చాలామంది గట్టిపడేది అదే వయసులో. షెస్టెర్కిన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టిందే 24కి. ఎవరిని ఉంచాలో అప్పుడు చూసి తేల్చొచ్చు.

ఫ్రిస్కో_సుబ్బు | 7:09

నాలుగేళ్లకి అస్కరోవ్ ఏజెంట్ ఎగిరి గంతేస్తాడు బాబాయ్. 29కి ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన టీమ్‌కి పోవచ్చు, పైకప్పు లేచిన మార్కెట్లో. అతనికి ఇంతకంటే మంచి బేరం ఏముంది? మీకే నష్టం. ఇస్తే మూడేళ్ల లోపు ఇవ్వండి. లేదంటే ఎనిమిది. మధ్యలోది వద్దు.

క్యాప్_లెక్కలు | 7:15

సుబ్బు చెప్పింది నిజం. మధ్యలో ఆగే నాలుగైదేళ్ల కాంట్రాక్ట్ టీమ్‌కి అన్నిటికంటే చెడ్డది.

ఫ్రీమాంట్_బాబాయ్ | 7:26

అయితే మూడు. ఎనిమిది మాత్రం నా నోటి వెంట రాదు.

మిల్పిటాస్_మూర్తి | 7:31

నాది ఎనిమిదే, 6.5. మార్చను. అక్టోబర్ 9న మొదటి మ్యాచ్ వేగస్‌తో, మన స్టేడియం ట్యాంక్‌లోనే. అవతలి గోల్‌లో ఏడిన్ హిల్ ఉంటే, ఏడాదికి 6.25 తీసుకుంటున్న ఆయన్ని చూస్తూ బాబాయ్ ఏమంటారో పక్క సీట్లో కూర్చుని వింటా. రెండు టికెట్లు ఎక్స్‌ట్రా ఉన్నాయి, కావల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి.

బెజవాడ_బుల్లోడు | 7:48

మాకు 10వ తేదీ పొద్దున అన్నమాట. అక్కా, మొదటి మ్యాచ్ అస్కరోవ్‌కే ఇస్తారంటారా, నెడెల్కోవిచ్‌కా?

గోలీ_శిరీష | 7:55

అస్కరోవ్‌కే ఇవ్వాలి. 11న అనాహైమ్ మ్యాచ్ ఎవరికిస్తారో చూడు, వాళ్ల ప్లాన్ అక్కడ తెలుస్తుంది.